బాగానే ఉన్నానన్న మనిషి

మిరపకు నల్ల తామరపురుగు పడిన ఏడాది డిసెంబరులో నేను గుంటూరు బ్రాడీపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గా పనిచేస్తున్నాను. ఇన్‌ఛార్జ్ అంటే పెద్ద హోదా అనుకోవద్దు. డ్యూటీ చార్టు వేయడం, మందుల ట్రాలీ సరిచూడటం, కొత్తగా చేరిన సిస్టర్లు ఏడిస్తే ఓదార్చడం, డాక్టర్లకూ బంధువులకూ మధ్య నిలబడి ఇద్దరిచేతా మాటలు పడటం ఆ ఉద్యోగంలో ముఖ్యమైన పనులు. చివరిదానికి నాకు చిన్నప్పటి నుంచే శిక్షణ ఉంది. మా నాన్నకు అద్దంకిలో బట్టల కొట్టు. మా ఇద్దరు బాబాయిలవీ కొట్లే. ఎదుటి మనిషి ఇష్టంలేనట్టు మొహం పెట్టి చీర మడత మీద వేలితో రాస్తున్నాడంటే కొంటాడని పదేళ్ళ వయసుకే తెలుసు నాకు. ఆ విద్య అంతా నర్సింగులో వృథా అయిందని మా నాన్న బాధ. వృథా కాలేదనడానికి ఈ కేసు ఒక్కటి చాలు. అయితే ఆ విద్య వల్ల నాకు ఒరిగింది తక్కువ, విసుగు ఎక్కువ.

ఆ సీజనంతా మా ఐసీయూలో 'మందు కేసులే'. మా భాషలో మందు కేసు అంటే పురుగుమందు ఒంట్లోకి పోయినవాడు. తాగినవాళ్ళు కొందరు, పొలంలో కొడుతూ ఒంటి మీద పోసుకున్నవాళ్ళు కొందరు. కోటేశ్వరరావు రెండో రకం. అప్పటికింకా ప్రకాశం జిల్లాలోనే ఉన్న అద్దంకి దగ్గర ఒక పల్లె. కౌలుకు మిరప, పత్తి వేసేవాడు. వీపున కట్టుకున్న స్ప్రేయరు ట్యాంకు కారుతున్నా, చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయినా, ఆ సాలు పూర్తయితే మార్చుకుందామని పొద్దుగూకేదాకా కొట్టాడు. పైగా ఆ ట్యాంకులో ఒక మందు కాదు, మూడు మందులు కలిపి పోశారు. కలిపి కొట్టమని చెప్పింది అతని బావమరిది శ్రీను. శ్రీనుది అద్దంకిలో పురుగుమందుల కొట్టు.

వచ్చేసరికి కంటిపాపలు సూది మొనలంత అయిపోయాయి. నోట్లో నురగ, ఒళ్ళంతా చెమట, ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు. ఇలాంటి కేసులో మొదటి పని ఇంజెక్షన్ కాదు, స్నానం. చేతికి గ్లౌజులు వేసుకుని నేనూ మరో సిస్టరూ అతన్ని తల వెంట్రుకల నుంచి గోళ్ళ సందుల దాకా సబ్బుతో కడిగాం. ఆ తర్వాత విషానికి విరుగుడుగా అట్రోపిన్ డ్రిప్. ఛాతీలో తడి చప్పుడు పోయేదాకా మోతాదు పెంచుకుంటూ పోవాలి, పోయాక నెమ్మదిగా తగ్గించుకుంటూ రావాలి. మర్నాటికి మనిషి తేరుకున్నాడు. ఆ తర్వాతి రోజుకి వీపుకు దిండ్లు పెట్టుకుని కూర్చుని మాట్లాడుతున్నాడు.

అసలు గొడవ అక్కడ మొదలైంది.

శ్రీను ఆసుపత్రిలో అడుగుపెట్టింది మొదలు ఒకటే ప్రశ్న: మా బావకి ఎట్టా ఉంది? అడగడం తప్పు కాదు. కానీ ఒకరిని అడిగి ఊరుకునే రకం కాదు అతను. డ్యూటీ డాక్టరును అడిగాడు. ఆమె ఫర్వాలేదంది. మందుల షాపు కుర్రాణ్ణి అడిగితే, అట్రోపిన్ చీటీలు తగ్గినయ్ కాబట్టి తగ్గినట్టేనన్నాడు. వార్డు ఆయాను అడిగాడు. రేపో ఎల్లుండో పంపించేస్తారులే అయ్యా అంది ఆవిడ. చివరికి లిఫ్టు దగ్గర సెక్యూరిటీ అతన్ని కూడా అడిగి, అతను చెప్పింది కూడా లెక్కలో వేసుకున్నాడు. మిర్చి యార్డులో సరుకు అమ్మేముందు నాలుగు కొట్లు తిరిగి రేటు కనుక్కున్నట్టు కనుక్కుని, అన్నిటికంటే తనకు అనుకూలంగా ఉన్నది పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"సిస్టరుగారూ, అందరూ బాగుందనే అంటున్నారు. సాయంత్రం తీసుకెళ్తాం. అద్దంకిలో మనకి తెలిసిన ఆర్.ఎం.పి. ఉన్నాడు, సెలైను ఆయన పెడతాడు."

వార్డుకే ఇంకా మార్చలేదు, ఇంటికి ఎక్కడయ్యా అన్నాను.

"సరే, రేపు పొద్దున."

నేను ఏమీ అనలేదు.

"పోనీ మధ్యాహ్నం భోజనం అయినాక. ఇదే లాస్టు."

నేను పుట్టింది కొట్లో కాబట్టి అతను ఏం చేస్తున్నాడో నాకు తెలుసు. నా మౌనాన్ని అతను రేటు గట్టిగా ఉందని అర్థం చేసుకుంటున్నాడు. నేను 'ఇంకో వారం' అన్నా దాన్ని మొదటి ధర అనుకుని సగానికి అడుగుతాడు. నిజమే చెప్పినా బేరమే ఆడతాడు. ఆసుపత్రిలో నన్ను విసిగించినవి చాలా ఉన్నాయి గానీ, నా విద్యే నా మీద ప్రయోగించినవాళ్ళు విసిగించినట్టు ఇంకేదీ విసిగించలేదు. కొత్తిమీర కట్టకు కూడా బేరమాడే మనిషిని నేను. నన్ను చూస్తే బ్రాడీపేట చీరల కొట్లవాళ్ళు షట్టరు దించేస్తారని మా పిల్లలు అంటారు.

డ్యూటీ డాక్టరు ప్రత్యూష చదువు పూర్తయి ఏడాది అయిన పిల్ల. తెలివైనదే. మానిటరు చూపించి, సాచ్యురేషన్ బాగుంది, కంటిపాపలు మామూలుగా ఉన్నాయి, ఛాతీ క్లియర్, వార్డుకు మారుద్దాం సిస్టర్ అంది. సాచ్యురేషన్ అంటే రక్తంలో ప్రాణవాయువు శాతం. వేలికి తగిలించే క్లిప్పు చెప్తుంది. ఆమె చెప్పిన మూడూ నిజమే.

నాకు మాత్రం పొద్దుటి నుంచి ఒక విషయం మనసులో మెదులుతోంది. దిండు గలీబు మారుస్తున్నప్పుడు కోటేశ్వరరావు మెడ కింద చెయ్యి పెట్టి ఎత్తాను. తల బరువంతా నా చేతి మీదే పడింది. మెలకువగా ఉన్న మనిషి ఎవరైనా తన తల తను కాస్తయినా పట్టుకుంటాడు. మంచినీళ్ళు ఇస్తే గుక్క నోట్లోనే ఉంచుకుని ఆలోచించి మింగి, దగ్గాడు. మాట ముక్కుతో వస్తోంది, ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఎలా ఉందయ్యా అంటే, "బాగానే ఉంది సిస్టరమ్మా" అన్నాడు. భార్య ఆదిలక్ష్మి అడిగినా అంతే, శ్రీను అడిగినా అంతే, రౌండ్సులో డాక్టరు అడిగినా అంతే.

మందు కేసుల్లో ఒక మోసం ఉంటుంది. మొదటి దెబ్బ తగ్గి, ఇక గండం గడిచిందనుకున్న రోజుల్లో కండరాలు పడిపోవడం మొదలవుతుంది. దాన్ని ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. ముందు మెడ, తర్వాత భుజాలు, తొడలు, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు. ఆ దశలో సాచ్యురేషన్ చూసి ధైర్యపడటం పొరపాటు. అది అన్నిటికంటే ఆఖర్న పడుతుంది. పడిందంటే మనకు మిగిలిన వ్యవధి చాలా తక్కువ. అద్దంకి దారిలో కారు వెనక సీట్లో అది జరిగితే, పక్కన కూర్చున్నవాళ్ళు నిద్రపోతున్నాడనుకుంటారు.

నేను శ్రీనుని మంచం దగ్గరకు పిలిచాను. ఆదిలక్ష్మినీ రమ్మన్నాను.

"శ్రీనుగారూ, బేరం ఒకటే. మీ బావ వెల్లకిలా పడుకుని, దిండు మీద నుంచి తల ఎత్తి, నేను పది లెక్కపెట్టేదాకా ఉంచితే, మిమ్మల్ని పంపమని డాక్టరుగారిని నేనే అడుగుతాను. ఉంచలేకపోతే నేను పొమ్మనేదాకా డిశ్చార్జి మాట ఎత్తకూడదు."

శ్రీను నవ్వాడు. "ఇదేం పందెం సిస్టరుగారూ, పసిపిల్లలు కూడా ఎత్తుతారు. బావా, ఎత్తి చూపించు, పోదాం."

కోటేశ్వరరావు రెండు పక్కలా మంచం రెయిలింగు పట్టుకుని ఒళ్ళంతా పైకి లాక్కోబోయాడు. చేతులు వదలమన్నాను. వదిలాడు. తర్వాత కదిలింది గడ్డం ఒక్కటే. మెడలో నరాలు ఉబ్బాయి, నుదుటి మీద చెమట పట్టింది, తల మాత్రం దిండు మీద నుంచి లేవలేదు.

"పొద్దున్నుంచి తిండి లేదు కదండీ, నీరసం" అన్నాడు శ్రీను. గొంతులో మునుపటి బిగువు లేదు.

"నీరసమైతే మాట ముక్కుతో రాదు. ఏమయ్యా, ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టు, వింటాను."

ఏడు దగ్గర ఆగాడు. ఆగి, మేము గమనించలేదనుకుని దొంగతనంగా ఊపిరి పీల్చుకుని ఎనిమిది అన్నాడు. అంత అవస్థలో కూడా తూకంలో మోసం చేయబోయినందుకు నాకు కోపం రావాలి, కానీ మా బాబాయి గుర్తొచ్చాడు.

ప్రత్యూష పక్కనే నిలబడి చూసింది. ఆ పిల్లలో నాకు నచ్చిన గుణం అదే, వాదించకుండా ధమని నుంచి రక్తం తీసి గ్యాస్ పరీక్షకు పంపింది. ప్రాణవాయువు బాగానే ఉంది, బయటకు పోవాల్సిన బొగ్గుపులుసు వాయువు మాత్రం పేరుకుంటోంది. పెద్ద డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన వచ్చి, చూసి, గొంతులోకి ఊపిరి గొట్టం వేద్దామన్నారు. ఊపిరి ఆగిపోయాక పరుగులు పెడుతూ వేసే గొట్టం వేరు, అన్నీ సిద్ధం చేసుకుని వెలుతురులో వేసే గొట్టం వేరు. మాకు ఆ రెండోది దొరికింది.

అతనికి చెప్పొద్దు, భయపడతాడు అని ఆదిలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. ఇది నాకు ప్రతి కేసులోనూ ఎదురయ్యే అభ్యర్థన. మనిషికి చెప్పకుండా గొంతులో గొట్టం వేస్తే, కళ్ళు తెరిచేసరికి మాట రాక, ఎందుకు రావడం లేదో తెలియక, గొట్టం పీక్కోబోతాడు. అప్పుడు పడే భయం ముందు ఇది ఎంత? నేను అతని చెవి దగ్గర వంగి చెప్పాను: కండరాలు అలిసిపోయాయి, కొన్ని రోజులు మిషన్ ఊపిరి తీస్తుంది, కండరాలు మళ్ళీ వస్తాయి, మాట రాదు గానీ మీకు అన్నీ వినపడతాయి. ఔననడానికి కళ్ళు ఒకసారి గట్టిగా మూయాలి, కాదనడానికి రెండుసార్లు. అర్థమైందా? ఒకసారి మూశాడు.

మర్నాటికి చేతులూ కాళ్ళూ కూడా దాదాపు పడిపోయాయి. చూసేవాళ్ళకు స్పృహలేని మనిషిలా ఉన్నాడు. విజిటింగు టైములో వచ్చిన బంధువులు మంచం చుట్టూ నిలబడి, ఇక కష్టమేనంట గదా, ఆదిలక్ష్మిది చిన్న వయసే పాపం అని మాట్లాడటం మొదలుపెట్టారు. అతనికి అన్నీ వినపడుతున్నాయని రోజూ గొంతు చించుకునేదాన్ని. ఔనా అని ఆశ్చర్యపోయి, గొంతు తగ్గించి అవే మాటలు మాట్లాడేవాళ్ళు.

ఆపైన మీసం గొడవ.

గొట్టాన్ని పై పెదవికీ బుగ్గలకూ అంటుకునే టేపుతో బిగిస్తాం. కోటేశ్వరరావుది గుబురు మీసం. చొంగకు తడిసి, టేపు మీసం మీద నిలవడం లేదు. ఒక మధ్యాహ్నం పక్కకు తిప్పుతున్నప్పుడు గొట్టం మీద లోతు చూపే అంకె పెదవి దగ్గర ఉండాల్సిన చోటు నుంచి జరిగింది. మెడ పడిపోయిన మనిషికి గొట్టం ఊడిందంటే మళ్ళీ వేసేలోపు ప్రాణం పోవచ్చు. తాడుతో కట్టి చూశాం. చెవుల వెనక ఒరుసుకుపోయి పుండు పడుతోంది. మీసం తీసేస్తామని ఆదిలక్ష్మికి చెప్పాను.

ఆమె ముఖం మాడిపోయింది. "మా మావయ్య బతికే ఉన్నాడు కదా సిస్టరుగారూ."

వాళ్ళలో తండ్రి పోయినప్పుడు కొడుకు మీసం తీస్తారు. తండ్రి ఉండగా తీయడం ఆయన చావు కోరినట్టు. ఆ తండ్రి పెదకోటయ్య బయట వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పరీక్షలో ఓడిన దగ్గర్నుంచి డిశ్చార్జి మాట ఎత్తని శ్రీనుకి మళ్ళీ ఉత్సాహం వచ్చింది.

"పోనీ ఒక పక్క తీయండి, టేపు ఆ పక్కే వేయొచ్చు."

"ఒక పక్క మీసంతో ఊళ్ళోకి వస్తే మీ అక్క ఏలుకుంటుందా?"

"కత్తిరించండి, గొరగొద్దు."

"కత్తిరిస్తే టేపు అసలే అంటదు."

"రేపు మంచిరోజు చూసి..."

"శ్రీనుగారూ, ఇది మీ మీసం కాదు, నాది కాదు. ఆయన్నే అడుగుదాం."

అప్పటిదాకా అతన్ని అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నేను లోపలికి వెళ్ళి, గొట్టం ఊడితే ఏమవుతుందో దాచకుండా చెప్పి, మీసం తీయమంటారా అని అడిగాను. కళ్ళు రెండుసార్లు గట్టిగా మూశాడు. వద్దని. మళ్ళీ అడిగాను. మళ్ళీ రెండుసార్లు. స్పృహ లేదనుకున్న మనిషి ఎంత స్పష్టంగా మొండికేశాడో చూసి, మూల నిలబడిన బంధువు ఒకాయన మెల్లగా బయటికి నడిచాడు. బహుశా తను అంతకుముందు అన్న మాటలు లెక్క చూసుకోవడానికి అయ్యుంటుంది.

అతనికి వద్దనే హక్కు ఉంది, కానీ ఆ వద్దు ఎందుకో నాకు తెలుసు. నేను వెళ్ళి పెదకోటయ్యను లోపలికి తీసుకొచ్చాను. విషయం చెబితే ముసలాయన నన్ను పట్టించుకోకుండా నేరుగా కొడుకు మొహం మీదికి వంగాడు.

"ఒరేయ్ కోటయ్యా, ఇటు చూడు. నేనేరా. బతికే ఉన్నానని నీ మీసం చూసి తెలుసుకోవాలా ఊరంతా? తీయించుకో. మళ్ళీ పెరుగుద్ది. నువ్వు పోతే నేనేం పెంచుకోను?"

కొడుకు కాసేపు తండ్రినే చూశాడు. తర్వాత కళ్ళు మూశాడు, ఒక్కసారి. మీసం నేనే తీశాను. ముసలాయన అంతసేపూ మంచం పక్కనే, కొడుక్కి కనపడేచోట నిలబడ్డాడు. టేపు గట్టిగా పట్టింది. ఆ తర్వాత గొట్టం కదల్లేదు.

కండరాలు వచ్చిన వరసే వేరు. చేతి వేళ్ళు ముందు, మెడ అన్నిటికంటే ఆలస్యంగా. రోజూ పొద్దున్నే తల ఎత్తమనేదాన్ని. ఎత్తలేక నా వైపు కోపంగా చూసేవాడు. ఒకరోజు అడగకుండానే ఎత్తి, నేను లెక్కపెట్టడం ఆపేదాకా ఉంచాడు. మిషన్ సాయం కొద్దికొద్దిగా తగ్గించి, చివరికి గొట్టం తీసేశాం.

గొంతు బొంగురుపోయి ఉంది. బంధువులెవరూ లేని సమయం చూసి, ఆ రోజు పొద్దున నిజంగా ఎలా ఉండిందని అడిగాను.

"నీళ్ళు ముక్కులోంచి వచ్చినయ్. మెడ నాది కాదన్నట్టుంది" అన్నాడు.

"మరి నలుగురం అడిగాం గదయ్యా. బాగానే ఉందన్నావు."

"మా శ్రీను పక్కనే నిలబడ్డాడు. బాగలేదంటే మీరు ఇంకో వారం పెడతారు. తోటలో మందు కొట్టేవాళ్ళు లేరు." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "అయినా ఎట్టా ఉందని ఎవరన్నా అడిగితే బాగలేదంటామా సిస్టరమ్మా? మీరైతే అంటారా?"

నేను అనను. మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కుతూ ఎవరైనా అడిగితే బ్రహ్మాండంగా ఉన్నానంటాను. ఆ మాట అతనికి చెప్పలేదు. శ్రీనుకి మాత్రం చెప్పాల్సినవి చెప్పాను. ట్యాంకులో మూడు మందులు కలపమన్న పెద్దమనిషి ఎవరో కనుక్కుని తీసుకురా, ఆయనకూ తల ఎత్తే పరీక్ష పెడతానన్నాను. అతను తల దించుకుని, కంపెనీవాళ్ళు అట్టాగే చెప్పారండీ అన్నాడు. పోయేముందు మళ్ళీ అడిగాడు, మా బావకి ఇప్పుడు ఎట్టా ఉందని. డిశ్చార్జి కాగితాలు చేతిలో పెట్టుకుని అడిగాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా మా ఐసీయూలో రెండు పద్ధతులు పట్టుబట్టి నడిపించాను. మొదటిది, పేషెంటు సంగతి బంధువులకు చెప్పేది ఒక్కరే. మిగతా అందరూ, లిఫ్టు దగ్గర మనిషితో సహా, 'ఇన్‌ఛార్జిని అడగండి' అనాలి. నలుగురం నాలుగు మాటలు చెప్పి, వాళ్ళు బేరమాడుతున్నారని విసుక్కోవడంలో న్యాయం లేదు. రెండోది, డ్యూటీ మారేటప్పుడు ఇచ్చే రిపోర్టులో 'పేషెంటు బాగానే ఉన్నానన్నాడు' అన్న వాక్యం ఒక్కటే ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు. ఆ మాట రాయండి, దాని కింద అతను ఏం చేయగలిగాడో కూడా రాయండి: తల ఎంతసేపు ఎత్తాడు, నీళ్ళు ఎలా మింగాడు, ఒక్క ఊపిరిలో ఎంత మాట్లాడాడు. జూనియర్లు నాది చాదస్తం అనుకున్నారు. అనుకోనీ. ఎలా ఉందని అడిగితే మనిషి తను ఎక్కడికి పోవాలనుకుంటున్నాడో చెప్తాడు. ఎలా ఉన్నాడో తెలియాలంటే ఏదో ఒకటి చేయించి చూడాలి. చెప్పిందీ చేసిందీ కలవకపోతే, సాచ్యురేషన్ ఎంత బాగున్నా సరే, డాక్టరును లేపాలి.